తగరపువలసలో తీసిన మూత

తగరపువలస బజారులో మా అక్క కారు మళ్లీ ఆగిపోయినప్పుడు పెట్రోల్ ట్యాంకు మూత తీసింది నేను. దాని కింద ఏముందో చూసిందీ నేనే, అది అక్కడ పెట్టిందీ నేనే. ఈ మాట ఆ రోజు అక్కడ ఎవరికీ చెప్పలేదు. తర్వాత కూడా చాలాకాలం చెప్పలేదు.

విశాఖలో పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ల బృందం ఒకటి ఉంది. ఏటా చలికాలంలో ఒక ఆదివారం అందరూ బీచ్ రోడ్డు మీద కలుసుకుని, భీమిలి మీదుగా తగరపువలస వెళ్లి, అక్కడ టిఫిన్ తిని, హైవే మీద వెనక్కి వచ్చి సింహాచలం కొండెక్కి బళ్లకు పూజ చేయించుకుంటారు. ఈ ఏడు ఆ ప్రయాణాల జ్ఞాపకాలు రాసివ్వమని అందరినీ అడిగారు. చాలామంది మా అక్క కారు గురించే రాశారు. అవి చదువుతుంటే నాకు బుర్ర తిరిగింది. ఒకాయన లెక్కన బండి ఆగింది భీమిలి లైట్‌హౌస్ దగ్గర. ఇంకొకాయన లెక్కన అసలు ఆగింది ఒక్కసారే. మరొకాయన తెల్లకారును ఆకుపచ్చగా మార్చేశాడు. ఎవరి కథ ఎక్కడ మొదలైనా ముగింపు మాత్రం అందరిదీ ఒకటే: ఆవిడ దిగింది, ఆయన ఎక్కాడు, బండి పరిగెత్తింది.

ఆ ముగింపు తప్పు. నాకు మాత్రం అన్నీ వరసగా గుర్తున్నాయని కాదు. గుర్తున్నంతవరకు రాస్తాను.

కారు మా బావ వాళ్ల నాన్నది. పాత అంబాసిడర్. ఆయన శ్రీకాకుళం నుంచి విశాఖకు దాన్ని టాక్సీగా తిప్పి పిల్లల్ని చదివించాడు. చివరి రోజుల్లో స్టీలు టౌన్‌షిప్‌లో కొడుకు క్వార్టర్‌కి వచ్చేశాక, కారు కూడా ఆయనతోపాటే వచ్చి ఇంటిముందు టార్పాలిన్ కింద ఉండిపోయింది. బావకు దాని మీద మనసు లేదు. "డ్యూటీలో మిషన్లే, ఇంటికాడా మిషనేటి?" అనేవాడు. మా అక్క మాత్రం మామగారి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఇంజనుకి పెట్రోల్ అందించే కార్బొరేటర్ ఆయన విప్పితే భాగాలు పళ్లెంలో వరసగా పేర్చేది. కొన్నాళ్లకు ఆయన పేర్చడం మొదలుపెట్టాడు, ఆవిడ విప్పడం మొదలుపెట్టింది. టౌన్‌షిప్ ఖాళీ రోడ్ల మీద ఆవిడకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. ఆయన పోయాక కారును చూసుకున్నది కోడలే.

యాభై దాటిన ఆడమనిషి అంబాసిడర్ తోలుకుంటూ కూరగాయలకు వెళ్తుంటే కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆటోవాళ్లు పక్కకి జరిగి దారిచ్చేవారు. అక్క అది చెప్పి చెప్పి నవ్వేది. ఆవిడ జీవితంలో తనంతట తాను సంపాదించుకున్న గొప్ప ఏదైనా ఉందంటే అదొక్కటే అని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలా అనిపించలేదు. మా అక్కకు ఒక సరదా ఉంది, అంతే అనుకున్నాను.

పాత కార్ల బృందంలో పెద్దాయన ఒకరున్నారు. పోర్టులో ఓడల్ని లోపలికి తెచ్చే పైలట్‌గా చేసి రిటైరయ్యారు. అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. వరసలో ముందు వెళ్లే కారుకు ఒక పసుపు జెండా కడతారు. అక్క అప్పటికే ఆ బృందంలో చేరింది. బండి ఆగిన ఏడు ఆయన ఆ జెండాను అక్క కారుకు కట్టిస్తానన్నారు. ముందు కారును ఒక ఆడమనిషి నడపడం అదే మొదటిసారి. దారిలో ఆగిన కారు జెండా దించి వెనక్కి వెళ్లిపోవాలన్నది వాళ్ల కట్టుబాటు.

స్టీలు టౌన్‌షిప్ నుంచి బీచ్ రోడ్డుకు పొద్దున్నే రావడం కష్టమని, ముందురోజు సాయంత్రమే అక్కా బావా కారు తెచ్చి మా ఇంటిముందు పెట్టారు. నేనుండేది పాతబస్తీలో, పోర్టుకి దగ్గర. దారిలో బంకులో ట్యాంకు నింపించారు. అక్క ఆ పొద్దున్నే కార్బొరేటర్ విప్పి, పెట్రోల్‌తో కడిగి, మళ్లీ బిగించింది. "ఇప్పుడెందుకే దాన్ని గెలుకుతావు, బాగానే నడుస్తంది గదా," అని బావ అన్నాడట. ఆ మాటే తర్వాత ఆవిడ మెడకు చుట్టుకుంది.

మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దించుతుంటే లేచే ధూళి మా ఇళ్ల మీద పడుతుంది. పొద్దున తుడిచిన అరుగు మధ్యాహ్నానికి నల్లబడుతుంది. బిందె మీద మూత, మూత మీద కవరు, టీవీ మీద కవరు, మిక్సీ మీద కవరు. ఏ వస్తువు కనిపించినా ముందు దాని నోరు మూయాలనిపించడం మా వీధివాళ్ల జబ్బు. ఆ సాయంత్రం అక్కా బావా లోపల టీ తాగుతుంటే నేను కారు చుట్టూ తిరిగాను. పెట్రోల్ ట్యాంకు మూత తిప్పి చూస్తే కదులుతోంది. దాని రబ్బరు వాషరు ఎండి పగిలిపోయింది. రాత్రంతా బయట ఉంటుంది, నల్లదుమ్ము లోపలికి దిగి ట్యాంకు పాడవుతుందనుకున్నాను. కడిగి ఆరేసిన పాల ప్యాకెట్ కవరు ఒకటి కత్తిరించి, ట్యాంకు నోటికి కప్పి, పైన మూత బిగించాను. గట్టిగా పట్టింది. మంచి పని చేశానని తృప్తిపడ్డాను. పొద్దున తీసెయ్యాలన్న ఆలోచన నాకు లేనే లేదు. మా ఇంట్లో ఒకసారి వేసిన కవరు ఎవరూ తియ్యరు.

తెల్లారి బీచ్ రోడ్డు మీద జెండా కట్టారు. అక్క స్టీరింగ్ ముందు, పక్కన బావ, వెనక నేను. అక్క ఆ రోజు పట్టుచీర కట్టుకుని, కొంగు నడుముకి బిగించి దోపుకుంది. రుషికొండ దాటేదాకా అంతా బాగుంది. ఎడమపక్క కొండలు, కుడిపక్క సముద్రం, వెనక అద్దంలో వరసగా పాత కార్లు. బావ కూడా కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు.

మంగమారిపేట దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపి, గుక్క తిప్పుకోలేనట్టు దగ్గి, ఆగిపోయింది.

అందరూ దిగొచ్చారు. బానెట్ ఎత్తారు. అక్కడినుంచి నాకు కలగాపులగమే. జీపు తెచ్చుకున్న ఒకాయన ఉన్నాడు, బృందంలో అందరికంటే గొంతు పెద్దది ఆయనదే. ట్యాంకు నుంచి ఇంజనుకి పెట్రోల్ లాగే పంపు మీది గాజుగిన్నె చూసి, "గిన్నె ఖాళీ," అన్నాడు. పెద్దాయన వంగి చూసేసరికి అందులో సగం పెట్రోల్ ఉంది. "ఖాళీ ఎక్కడయ్యా?" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు, చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట వేశారు.

"ఎండకి పెట్రోల్ ఆవిరైపోతంది, తడిగుడ్డ ఎయ్యండి పంపు మీద!"

"ఇంకా ఎండెక్కడ వచ్చినాది బాబూ, మంచు గూడా ఇడవలేదు!"

"కాయిల్ అయ్యుంటాది."

"మేడమ్, చోక్ లాగి అలగే ఒగ్గేసినారేటి?"

చోక్ లోపలికే ఉంది. అక్క చూపించింది కూడా. అడిగినాయన చూడలేదు, లేదా చూసి కూడా వదల్లేదు. ఈలోగా ఎవరో సెల్ఫ్ కొడితే బండి స్టార్టయింది. ఎందుకు ఆగిందో తెలియలేదు, ఎందుకు లేచిందో తెలియలేదు. తడిగుడ్డ వేసినాయన మాత్రం తనవల్లేనన్నాడు. కట్టుబాటు ప్రకారం జెండా దించి జీపుకు కట్టారు. అక్క తనే ముడి విప్పి ఇచ్చింది.

భీమిలి దాటాక మళ్లీ ఆగింది. మళ్లీ బానెట్, మళ్లీ గిన్నె, మళ్లీ వాదన. కాసేపటికి మళ్లీ దానంతట అదే లేచింది. ఈసారి బావ మొహం మారింది.

"నిన్న ఇప్పొద్దని సెప్పినానా లేదా?"

"అన్నీ సరిగ్గానే బిగించినానండి."

"సరిగ్గా బిగిస్తే ఎందుకాగుతాది?"

అక్క పళ్లెంలో పేర్చిన భాగాలు ఒక్కొక్కటీ వేళ్లమీద లెక్కపెట్టుకోవడం వెనకనుంచి చూశాను. ఏదో మర్చిపోయానేమో అని ఆవిడకే అనుమానం వచ్చేసింది. నాకు కవరు గుర్తే రాలేదు. నిజంగా రాలేదు. పెట్రోల్ రావడానికీ మూతకీ సంబంధం ఉంటుందని నాకు ఆరోజుకి తెలియదు.

తగరపువలస బజారు మధ్యలో ఆగింది మూడోసారి. ఆదివారం. ఎండుచేపల బుట్టలు రోడ్డు మీదికి వచ్చేసి ఉన్నాయి. వెనక బస్సు, దాని వెనక ఆటోలు, అందరూ ఒకేసారి హారన్లు. ఒక ఆటో అబ్బాయి తల బయటపెట్టి, "మామ్మా, గెంటమంటావేటి?" అని అరిచాడు. చేపలమ్మే ఆవిడ, "నోర్ముయ్యెహె, ఆయమ్మ కంగారు సూడు!" అని వాణ్ణి తిట్టింది. అక్క మొహం ఎర్రబడిపోయింది.

అప్పుడు పెద్దాయన నన్ను చూసి, "ట్యాంకులో అసలు పెట్రోల్ ఉందో లేదో చూడవయ్యా," అన్నారు. నేను కారు వెనక్కి వెళ్లి మూత తిప్పాను.

సుయ్‌మని శబ్దం వచ్చింది. గాలి లోపలికి పోతున్న శబ్దం. కవరు ట్యాంకు నోట్లోకి చిన్న గిన్నెలా దిగబడి ఉంది, లోపలినుంచి ఎవరో పీలుస్తున్నట్టు. దాన్ని పీకితే తడితడిగా నా చేతికొచ్చింది. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత సగం అర్థమైంది. ట్యాంకులోంచి పెట్రోల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. నేను ఆ దారి మూసేశాను. పంపు లాగుతోంది, ట్యాంకు ఇవ్వడం లేదు. ఆగినచోట కాసేపు ఉంచితే ఎక్కడో ఇంత సందులోంచి గాలి చేరి, గాజుగిన్నెలోకి పెట్రోల్ వచ్చి, మళ్లీ నడుస్తోంది.

ఇంత వివరంగా అప్పుడు ఆలోచించలేదు. ఈ కవరు వల్లేనేమో అన్న మాట మాత్రం మనసులోకి వచ్చింది. తలెత్తి చూస్తే జీపాయన నావైపే వస్తున్నాడు. ట్యాంకుకి పాల ప్యాకెట్ కట్టిన మొనగాణ్ణని వీళ్లు ఎన్నేళ్లు చెప్పుకుంటారో నాకు వెంటనే కనిపించింది. కవరు నలిపి గుప్పిట్లో పెట్టుకున్నాను. "నిండుగానే ఉంది," అన్నాను. మూత పెట్టేశాను. కవరు పక్కనున్న చెత్తలో పడేశాను.

సరిగ్గా ఆ సమయంలోనే అక్క తాళం బావకు ఇచ్చేసింది. నేను మూత తీయకముందే ఇచ్చిందా, తీశాక ఇచ్చిందా? ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు నేను గుర్తులేదనే చెప్పుకున్నాను.

బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అక్క వెనక సీట్లో నా పక్కకి వచ్చింది. సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకి లేచింది. రోడ్డు మీద వాళ్లు చప్పట్లు కొట్టారు. జీపాయన అరిచాడు: "సూసినారేటి! దానికి తెల్సు మగోడి సెయ్యేదో!"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

హైవే మీద బండి ఎక్కడా ఆగలేదు. అడవివరం దగ్గర సింహాచలం కొండదారి పట్టాక, ప్రతి మలుపులోనూ ఇది ఒక్కసారి ఆగితే బాగుండునని కోరుకున్నాను. బావ చేతిలో ఆగితే కవరు తప్పు కాదని తేలిపోతుంది, అక్క తప్పు కాదని కూడా తేలిపోతుంది, నేనేమీ చెప్పనక్కర్లేదు. దేవుడి కొండ ఎక్కుతూ కారు చెడిపోవాలని మొక్కుకున్నాను. అది ఎక్కడా తడబడకుండా పైకెక్కేసింది. పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు బావే తొక్కించాడు. అక్క కొబ్బరి చిప్పలు పట్టుకుని దూరంగా నిలబడింది.

ఆ తర్వాత అక్క కారు ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. బావ చెడ్డవాడు కాదు, "తోలొచ్చు గదే" అని ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా. "వద్దండి, నా సెయ్యి మంచిది కాదు," అనేది. రెంచీలు, బ్రష్షులు ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టించింది. మరుసటి ఏడు కారును బావ నడిపాడు. టిఫిన్ దగ్గర తగరపువలస కథ చెప్పించారు. ఆ పై ఏడు ఎవరూ అడగకముందే బావే మొదలుపెట్టాడు. ఆ ఏడు అక్క రాలేదు. పెసరట్టు తింటూ నేను తలూపుతూ కూర్చున్నాను.

నా అనుమానం తీరక ఒకరోజు నా స్కూటర్ ట్యాంకు మూత కింద అలాంటి కవరే వేసి, మూతకున్న సన్నటి బెజ్జం మూసుకుపోయేలా బిగించి బయల్దేరాను. కాన్వెంట్ జంక్షన్ వంతెన మీద ఆగిపోయింది. మూత తిప్పితే అదే సుయ్‌మన్న శబ్దం. కవరు తీసి కిక్ కొడితే లేచింది. ఇక సందేహం లేదు. అయినా చెప్పలేదు. మొదటిరోజు నవ్వుతారని చెప్పలేదు. తర్వాత ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు.

ఈ మధ్య బావకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. క్లచ్ తొక్కలేకపోతున్నాడు. విజయనగరం నుంచి ఎవరో కారు చూడ్డానికి వస్తున్నారని, నచ్చితే ఇచ్చేస్తానని ఫోన్‌లో చెప్పాడు. "తోలేవోల్లు లేరు గదేటి, ఉంచుకుని ఏటి సేస్తాం?" అన్నాడు. అక్క ఏమందని అడిగాను. "అదేటంటాది? ఇచ్చియ్యమంది."

మర్నాడు పొద్దున్నే స్టీలు టౌన్‌షిప్ బస్సెక్కాను. వెళ్లేసరికి బావ మోకాలికి వేడినీళ్ల సంచి పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. అక్క కింద కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

"ఏట్రా, సెప్పా పెట్టకుండా ఊడిపడ్డావు?" అంది.

చెప్పాను. వాషరు, పాల ప్యాకెట్, ట్యాంకు నోరు, శబ్దం, చెత్తలో పడేసిన కవరు, వంతెన మీద స్కూటర్. మధ్యలో రెండుసార్లు తడబడి మొదటికి వచ్చాను.

బావకు ముందు అర్థం కాలేదు. "ఉండెహె. మరి నాను కొడితే ఎలగ లేచింది?"

"అప్పటికి కవరు తీసేసినాను బావా."

"అంటే... నానేటీ సెయ్యలేదా?"

"ఏటీ సెయ్యలేదు."

ఆయన మోకాలి మీది సంచి తీసి పక్కన పెట్టాడు. "ఓరి నాయనో. ఇన్నేళ్లూ అందరికీ సెప్పినాను గదరా," అన్నాడు.

అక్క రొయ్యలు వలవడం ఆపలేదు. మామగారి పక్కన కూర్చున్నప్పుడు అడిగినట్టే ఒక్కొక్కటీ అడిగింది. కవరు ఎంత మందం? మూత బిగించాక కదిలిందా? ట్యాంకు నిండుగా ఉంది కదా, లోపల గాలి తక్కువ, అందుకే త్వరగా ఆగిపోయిందన్నమాట. తనలో తాను తలూపుకుంది. గిన్నెలో ఒకసారి పెట్రోల్ ఉండి ఒకసారి లేకపోవడం ఎందుకో ఆవిడకు నాకంటే ముందే అర్థమైంది.

"అయితే కార్బొరేటర్ బానే బిగించినాను," అంది.

"బానే బిగించినావక్కా."

తర్వాత చేతులు కడుక్కుని వచ్చింది. నా ఎదురుగా నిలబడి అడిగింది. "అది సరేరా. తెలీక పెట్టినావు. నువ్వు మూత తీసేసరికి నాను తాళం ఇచ్చేసినానా, ఇంకా ఇవ్వలేదా?"

గుర్తులేదని చెప్పడానికి నోరు తెరిచాను. బావ నావైపు చూస్తున్నాడు. ఆ బజారు మొత్తం మళ్లీ కళ్లముందుకొచ్చింది. కారు వెనక అద్దంలోంచి అక్క చెయ్యి కనిపించడం, తాళంచెవి ఇంకా ఆవిడ వేళ్ల మధ్యే ఉండడం, బావ చెయ్యి చాపి నిలబడి ఉండడం. నేను నోరు తెరిచి ఒక్క మాట అనుంటే ఆ చెయ్యి వెనక్కి వెళ్లేది.

"ఇవ్వలేదక్కా. నీ సేతిలోనే ఉంది. నాను సూస్తానే ఉన్నాను. సూసి కూడా ఊరుకున్నాను. ఆల్లందరూ నీ మీద నవ్వితే నానూ నవ్వినాను. బండి ఆగింది నావల్ల. నువ్వు తోలడం మానేసినదీ నావల్లే. తప్పయిపోనాదక్కా. నన్ను క్షమించు."